నాలుగో మీట

కొండవీధి, మేడ మీది గది

తమ్ముడికి,

క్షేమమని ఒక్క ముక్క రాసి ఊరుకుంటానని కోప్పడ్డావు. ఏదో ఒక పొద్దు సంగతి మొదటినుంచీ చివరిదాకా రాయమన్నావు. మొన్నటి గురువారం రాస్తున్నాను. ఆ రోజు విశేషమేమీ లేదు. అందుకే అది ఎంచుకున్నాను.

వెలుగు రాకముందే మెలకువ వచ్చింది. మొహం కడుక్కుని ప్రార్థనకు కూర్చున్నాను. మనవాళ్ళందరినీ ఒక్కొక్కరినే తలుచుకుంటాను కదా, నువ్వు చివర వస్తావు. నీ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి గనక. అక్కడ ఆగి ఉండగానే ఫోను రెండుసార్లు మోగి ఊరుకుంది. రెండు మోతలంటే నీకు రెండో యాంటెనా కావాలని.

మధ్యలో లేచాను. దేవుడు ఏమీ అనుకోడు, ఆయనకి అలవాటైపోయింది. డాబా మెట్లు మంచుకు తడిసి ఉన్నాయి. నీళ్ళ ట్యాంకు కింద రేకు డబ్బా తెరిచి, మొదటి యాంటెనా కేబుల్ మర విప్పి రెండోది బిగించాను. వేళ్ళు కొంకర్లు పోయాయి. దిగేటప్పుడు కాలు జారి మెట్టు మీద కూలబడ్డాను. ఏమీ విరగలేదు. కాసేపు అక్కడే కూర్చున్నాను. ఎదురు మేడ మీద ఎవరో దుప్పటి దులుపుతున్నారు. ఇటు చూడలేదు. పిలవాల్సినంత దెబ్బ కాదు.

తరవాత టీ పెట్టుకున్నాను. టైలరు చొక్కాల మూట దింపి వెళ్ళాడు. ఇప్పుడు కాజాలన్నీ మిషన్లే కుడుతున్నాయి. చేత్తోనే కావాలనేవాళ్ళు ఇంకా కొందరున్నారు, వాళ్ళవి నా దగ్గరికి వస్తాయి. మధ్యాహ్నందాకా కుట్టాను. గోడ పక్కన బల్ల మీద నీ రేడియో సెట్టు పచ్చదీపం వెలుగుతూనే ఉంది. నువ్వు వింటున్నావో, నిద్రపోయావో నాకు తెలిసే దారి లేదు.

చిన్నది ఫోన్ చేసింది. "ఎన్నాళ్ళక్కా ఆ గోడలతో కాపురం? ఇల్లు అద్దెకిచ్చేసి మా దగ్గరికొచ్చెయ్. మీ మరిది కూడా అదే అంటున్నారు" అంది. ఎప్పుడూ చెప్పేదే చెప్పాను. "అన్నయ్య యాంటెనాలున్నాయి కదే. అవి ఎవరు చూస్తారు?" అన్నాను.

ఆ పొద్దు అంతే.

అక్క


అచ్చాఫీసు క్వార్టర్లు, నాలుగో అంతస్తు

పెద్దక్కా,

తడి మెట్లకీ దుప్పటి దులుపుడుకీ మధ్య జారిపడిన సంగతి మడిచిపెట్టి రాస్తే నాకు కనపడదనుకున్నావా? నీ కాజాల్లో దారం ముడి ఎక్కడ దాస్తావో చిన్నప్పటినుంచీ చూస్తున్నవాణ్ణి.

ఫోన్ చేసి తిట్టేవాణ్ణే. ఇక్కడ లైను ఒకటే గరగర. పైగా ఫోన్లో నువ్వు ఊఁ, ఆఁ తప్ప ఏమంటావు? ఉత్తరమే నయం. కనీసం ఒక పేజీ నిండుతుంది.

తప్పు నాదే. ఈ భవనంలో లిఫ్టు మోటారు, అందరి ఇళ్ళ దీపాలు, ఛార్జర్లు కలిసి రేడియోని పీక నొక్కేస్తున్నాయని, సెట్టు తెచ్చి నీ నెత్తిన పెట్టాను. అక్కడ కొండ మీద గాలి శుభ్రంగా ఉంటుంది, అందులో మాటా శుభ్రంగా ఉంటుంది. నీ మేడ మీద పట్టిన మాట ఇంటర్నెట్టు మీదుగా వచ్చి ఇక్కడ నా హెడ్‌ఫోనులో పడుతోంది. ఆ సుఖం నాకు, మెట్లు నీకు! రాత్రంతా అచ్చు మిషన్లకు మరమ్మతులు చేసి, తెల్లారి గదికి రాగానే దూరదేశాల వాళ్ళ కబుర్లు వినాలనే పిచ్చి నాది. దానికి నువ్వెందుకు జారిపడాలి?

ఇకమీదట నువ్వు మెట్లెక్కడానికి వీల్లేదు. ఒక స్విచ్చుపెట్టె చేద్దాం. చేద్దాం అంటే నువ్వే చెయ్యాలి, నాకు సెలవు దొరకదు. సామానంతా పార్సిల్లో పంపాను. అందులో నాలుగు నల్ల దిమ్మలున్నాయే, వాటిని రిలేలంటారు. ఒక్కోదాని లోపల తీగచుట్ట ఉంటుంది. దానికి కరెంటు అందగానే చిన్న నాలుక ఒకటి ఇటునుంచి అటు వాలుతుంది. నేనిక్కడ కంప్యూటర్లో ఒకటో మీట నొక్కితే అక్కడ ఒకటో నాలుక వాలి ఒకటో యాంటెనాను సెట్టుకు కలుపుతుంది. రెండు నొక్కితే రెండోది. మీ మరిది పెట్టించిన ఇంటర్నెట్టు డబ్బాకి ఒక వైరు తగిలిస్తే చాలు.

పన్నెండు వోల్టులే. పట్టుకున్నా చీమ కుట్టినంత కూడా ఉండదు. బొమ్మ గీసి పెట్టాను. సన్న గాజు గింజల్లాంటివి డయోడ్లు. వాటి చివర గీత ఉంటుంది, ఆ గీత ఎర్ర వైరు వైపే ఉండాలి. యాంటెనాలు మూడే గనక నాలుగో రిలేకి ఏమీ తగిలించకు. ముందు ముందు దేనికైనా పనికొస్తుంది.

సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించేదానివి, టంకం వెయ్యడం నీకెంత?

నీ తీగల పిచ్చోడు


కొండవీధి

తమ్ముడికి,

పెట్టె పూర్తయింది.

టంకం నాకు నచ్చింది. ఎక్కువైతే ఉబ్బుతుంది, తక్కువైతే పట్టదు. తీగ వేడెక్కేదాకా ఆగాలి, తొందరపడితే పైపైన అంటుకుని తరవాత ఊడొస్తుంది. కాజా అంచు కూడా అంతే. పనిలో పడి రెండు రోజులు చిన్నదానికి ఫోన్ చెయ్యడం మరిచిపోయాను. అది కంగారుపడి మరిదిని పంపింది. ఆయన వచ్చి, ముక్కు మూసుకుని, "వదినగారూ, ఏమిటీ పొగ? ఇల్లు అంటుకుందేమో అనుకున్నాను" అన్నారు. నిజానికి మూడో డయోడు గీత తిరగేసి పెట్టాను. కరెంటు ఇవ్వగానే కాలి కంపు కొట్టింది. పార్సిల్లో ఒకటి అదనంగా ఉంది. అంటే నేను తప్పు చేస్తానని నీకు ముందే తెలుసన్నమాట. అది మార్చేటప్పుడు మూడో రిలే కాస్త వంకరగా కూర్చుంది. పని మాత్రం చేస్తోంది.

పెట్టెను డాబా మీద వానలో పెట్టబుద్ధి కాలేదు. మరిది చేత మూడు కేబుళ్ళూ కిటికీలోంచి కిందికి దింపించాను. నేను ప్రార్థనకు కూర్చునే చోటికి ఎదురుగా, గోడకి బిగించాను. పక్కనే నీ సెట్టు.

ఆదివారం నువ్వు అక్కడినుంచి ఒక్కొక్కటే నొక్కి చూశావు కదా, నేను ఇక్కడ కూర్చుని విన్నాను. ఒకటోది చిటికె వేసినట్టుంది. రెండోది గుండీ నేల మీద పడినట్టుంది. మూడోది బొంగురుగా ఉంది, వంకరగా కూర్చోవడం వల్ల. వేరే పనిలో ఉన్నా ఏది నొక్కావో తెలుస్తోంది.

మెట్లెక్కే పని తప్పింది. దేవుడికి చెప్పాను.

అక్క


అచ్చాఫీసు క్వార్టర్లు

పెద్దక్కా,

పని చేసింది! మూడూ పని చేశాయి! మా షిఫ్టులో అందరికీ చెప్పాను, మా అక్క కాజాలు కుట్టే చేత్తో కట్టిన పెట్టె అని. "మీ అక్కని ఇక్కడికి పంపించు, నిన్ను ఇంటికి పంపిస్తాం" అన్నాడు ఫోర్‌మన్.

ఇంతకాలం గీసుకుపోయినట్టు వినపడే మాస్టారు నిన్న రెండో యాంటెనాలో పక్క గదిలోంచి మాట్లాడినట్టు పలికారు. మాస్టారంటే నీకు తెలియదు కదూ. ఎవరో ముసలాయన, ఏదో దీవి. రోజూ నీ ప్రార్థన వేళకే గాల్లోకి వస్తాడు. వచ్చీరాని ఇంగ్లీషులో ఆ రోజు గాలి ఎటు వీస్తోందో, తన టమాటా మొక్కలకి ఏ పురుగు పట్టిందో చెబుతాడు. ఎవరైనా బదులిస్తే సంతోషిస్తాడు, ఎవరూ ఇవ్వకపోయినా చెబుతాడు. వెనకాల ఒక కుక్క మొరుగుతుంది. "ఆగవే, మాట్లాడుతున్నా" అని దాన్ని కసురుతాడు. పంతులులా విసుగూ, ప్రేమా ఒకేసారి చూపిస్తాడని మాస్టారని పేరు పెట్టాను. తిరిగి మాట్లాడే సెట్టు నా దగ్గర లేదు. వినడమే.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఉరిమితే మాత్రం సెట్టు వెనకనున్న లావు కేబుల్ ఊడదీసెయ్యి. లేకపోతే పిడుగు నేరుగా నీ ఇంట్లోకి చుట్టంలా వస్తుంది. వాన వెలిశాక మళ్ళీ పెట్టు. అది పాత సెట్టు, బొమ్మలు చూపించే తెరలేవీ లేవు. అక్కడ ఏమయిందో నాకు చెవికి తెలియడమే తప్ప వేరే దారి లేదు.

పొద్దుటిపూట టకటకలు నీ ప్రార్థనకి అడ్డమేమో? అయితే చెప్పు, వేళ మార్చుకుంటాను.

నీ పిచ్చోడు


కొండవీధి

తమ్ముడికి,

వేళ మార్చవద్దు. చప్పుడు అడ్డం కాదు.

వానలు మొదలయ్యాయి. ఉరిమినప్పుడల్లా నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. కిటికీలోంచి జల్లు కొడుతోందని సెట్టుకీ పెట్టెకీ కలిపి ఒక ముసుగు కుట్టాను. పాత కర్టెన్ గుడ్డ, నీలం. ఉరిమిన రోజున ఊడదీసిన కేబుల్ కొస వేలాడకుండా ముసుగుకి వెనకవైపు ఒక జేబు కూడా కుట్టాను. చూసినవాళ్ళు రేడియోకి చొక్కా తొడిగావా అంటున్నారు.

చిన్నది వచ్చి రెండు రోజులుండి వెళ్ళింది. అద్దెకు ఎవరో అడిగారట, మంచివాళ్ళట. వచ్చే నెలలోగా ఏదో ఒకటి చెప్పమంది. నేనింకా ఏమీ చెప్పలేదు.

ఈ వారం ఏం విన్నావు?

అక్క


అచ్చాఫీసు క్వార్టర్లు

పెద్దక్కా,

ముసుగుకి జేబు పెట్టిన రేడియో ప్రపంచంలో మన ఇంట్లో తప్ప ఉండదు. కాలరు కూడా పెట్టాల్సింది.

ఏం విన్నానంటే, మాస్టారు ఈ మధ్య మహా హుషారుగా ఉన్నారు. టమాటాలు కాశాయి. వానల్లో మూడో యాంటెనా బాగా పట్టుకుంటోంది, అందుకే దాన్ని ఎక్కువగా నొక్కుతున్నాను, నువ్వు గమనించే ఉంటావు. నిన్న కుక్క ఏకంగా మైకు దగ్గరికే వచ్చి మొరిగింది. ఆయన నవ్వు ఆపుకోలేక ఆగిపోయాడు. హెడ్‌ఫోను పెట్టుకుని ఇక్కడ నేనూ నవ్వాను. గోడ అవతలివాళ్ళు నాకు మతి పోయిందనుకుని ఉంటారు.

ఇల్లు అద్దెకిచ్చే మాట చిన్నది నాకూ రాసింది. నువ్వు తొందరపడి ఒప్పుకోకు. యాంటెనాలు ఇంత బాగా పనిచేస్తుంటే ఎలా తీసేస్తాం? నా పేరు చెప్పు దానికి.

నీ పిచ్చోడు


కొండవీధి

తమ్ముడికి,

ఈ రోజు ఎండ కాసింది. ముసుగు ఉతుకుదామని తీశాను.

కేబుల్ జేబులో ఉంది.

ముసుగు కుట్టాక మొదటిసారి ఉరిమిన రోజున అందులో పెట్టాను. వాన వెలిశాక తియ్యడం మరిచాను. ముసుగు కప్పి ఉండడం వల్ల కనపడలేదు. తరవాత ఉరిమినప్పుడు కూడా పైనుంచి తడిమి చూసి, జేబులోనే ఉంది, సరే అనుకున్నాను. అంటే వానాకాలమంతా నీ సెట్టుకి ఏ యాంటెనా లేదు. పెట్టె మాత్రం రోజూ టకటకమంటూనే ఉంది.

టమాటాలు కాసిన సంగతి నువ్వు ఎలా విన్నావు?

కోపం లేదు. తెలుసుకోవాలని అడుగుతున్నాను.

అక్క


అచ్చాఫీసు క్వార్టర్లు

అక్కా,

నీ ఉత్తరం మూడు రోజులుగా జేబులో పెట్టుకు తిరుగుతున్నాను. జేబులు మనల్ని పట్టించేటట్టున్నాయి.

చెవులు పోయాయక్కా.

ఒక్కసారిగా పోలేదు. ఇన్నేళ్ళూ అచ్చు మిషన్ల మధ్య చెవుల్లో దూది కూడా పెట్టుకోకుండా మగాణ్ణనుకుంటూ తిరిగాను. మొదట పిట్టల కూతలు పోయాయి, వాటితో నాకేం పని అనుకున్నాను. తరవాత తలుపు గంట పోయింది. తరవాత ఫోన్లో నీ గొంతు. నీ గొంతు అందని రోజున ఫోను మానేసి ఉత్తరాలు మొదలెట్టాను. లైను గరగర అన్నది నా చెవుల గురించే.

పెట్టె కట్టమన్నప్పుడు ఇంకా కొంత వినపడేది, హెడ్‌ఫోను చివరిదాకా పెంచితే. మాస్టారి సంగతులు మొదట్లో రాసినవి నిజం. వానలు మొదలయ్యేసరికి అదీ పోయింది. హోరు ఒక్కటే మిగిలింది. అందుకే నీ కేబుల్ ఊడిన సంగతి నాకు తెలియలేదు. ఊడకముందూ హోరే, ఊడాకా హోరే. టమాటాలు నేనే కాయించాను. కుక్కని నేనే మొరిగించాను. అది అసలు బతికుందో లేదో నాకు తెలియదు.

ఎందుకు చెప్పలేదంటే, అక్క నీ యాంటెనాల కోసమే ఆ ఇల్లు వదలడం లేదని చిన్నది రాసింది. వినపడడం లేదని చెబితే నీకు ఆ ఇంట్లో ఉండడానికి వంక లేకుండా పోతుంది. ఇంకోళ్ళ ఇంట్లో, ఇంకోళ్ళ వేళల మధ్య నీ ప్రార్థన ఎలా సాగుతుంది? అందుకని డ్యూటీ నుంచి రాగానే మీటలు నొక్కేవాణ్ణి. కొంచెం ఆగి ఇంకొకటి, మళ్ళీ కొంచెం ఆగి ఇంకొకటి, నిజంగా వెతుకుతున్నవాడిలాగా. హెడ్‌ఫోను కూడా పెట్టుకునేవాణ్ణి. ఎందుకో తెలియదు, ఎవరు చూస్తారని! నొక్కడం అయ్యాక పడుకునేవాణ్ణి. రోజు మొత్తంలో నేను ఒకరికి వినపడేది ఆ కాసేపే. చప్పుడు అడ్డం కాదని రాశావు చూడు, నీ భాషలో దానర్థమేమిటో నాకు తెలుసు.

ఈ నెలాఖరుతో పనిలోంచి తప్పిస్తున్నారు. మిషను తేడాగా తిరిగితే దూరంనుంచే పసిగట్టే చెవి నాది. ఇప్పుడు చెయ్యి ఆనిస్తే తప్ప తెలియడం లేదు. ఫోర్‌మన్ మంచివాడు. పలక మీద రాసి చెప్పాడు. రాసి, చెరిపి, మళ్ళీ మర్యాదగా రాశాడు.

క్వార్టరు కూడా ఖాళీ చెయ్యాలి. ఎక్కడికన్నది ఇంకా ఆలోచించలేదు. నీకు భారమవడం మాత్రం నాకిష్టం లేదు. ఎవరికీ చెప్పకు.

తమ్ముడు


కొండవీధి, సాయంత్రం

తమ్ముడికి,

చెప్పవద్దన్నావు. చెప్పలేదు. చిన్నదీ మరిదీ వచ్చి కూర్చున్నాక నీ ఉత్తరం బల్ల మీద పెట్టి టీ తేవడానికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి చదువుకున్నారు.

ముందు ఒక సంగతి. పొద్దున ప్రార్థన అయ్యాక కేబుల్ సెట్టుకి పెట్టి, పక్కనున్న స్పీకరు మీట తిప్పాను. ఇన్నాళ్ళూ అది తిప్పాలని నాకు తోచలేదు. నీది కదా అనుకున్నాను. నువ్వు నొక్కి ఉంచిన రెండో యాంటెనాలో నీ మాస్టారు వచ్చాడు. ఇంగ్లీషు సగం అర్థం కాలేదు. గాలి గురించి ఏదో అన్నాడు. కుక్క ఉంది. బాగానే మొరుగుతోంది.

ఇక సాయంత్రం సంగతి.

చిన్నది ఉత్తరం బల్ల మీద పరిచింది. తరవాత అందుకుంది. "ఇన్నాళ్ళు చెప్పకుండా ఉంటాడా? రానీ, వాడి చెవులు మెలిపెడతాను" అంది. మరిది మెల్లగా, "ఇప్పుడు మెలిపెట్టి లాభం లేదే, జుట్టు పట్టుకో" అన్నారు. చిన్నది నవ్వబోయి ఏడ్చింది. ఆయన బెంబేలెత్తి, "నేనేదో వాతావరణం తేలిక చేద్దామని..." అంటూ నా వైపు చూశారు. టీ చల్లారిపోతోందన్నాను.

"ఇప్పుడైనా ఇల్లు అద్దెకిచ్చేద్దామక్కా. ఇద్దరూ మా దగ్గరే ఉండండి" అంది చిన్నది.

నేను ఎక్కువ మాట్లాడనని నీకు తెలుసు. ఇవాళ మాట్లాడాను. ఈ ఇల్లు నాకు పెద్దదే. సాయంత్రమైతే ఏ గదిలో దీపం వెయ్యాలో తెలియక ఒక్కోసారి చీకట్లోనే కూర్చుంటాను. చిన్నదాని దగ్గరికి పోవాలని చాలాసార్లు అనిపించింది. పోతే పొద్దున్నే ఆ చప్పుడు ఉండదు. చివర నీ దగ్గర ఆగినప్పుడు గోడ మీద టక్కుమంటే, ఆ రోజుకి నువ్వున్నావని నాకు తెలిసేది. యాంటెనాల కోసమని అందరికీ చెప్పాను. అది వంకేనని కూడా ఇవాళ వాళ్ళకి చెప్పాను.

మరిది లేచి గోడ దగ్గరికి వెళ్ళి పెట్టెను చూశారు. "నాలుగోది ఖాళీగా ఉన్నట్టుందే వదినగారూ" అన్నారు.

నిర్ణయం ఇది. ఇల్లు అద్దెకివ్వడం లేదు. నెలాఖరున మరిది వచ్చి నిన్నూ నీ సామానునూ తీసుకొస్తారు. ముందుగది నీది. కిటికీ ఉంది, వీధి కనపడుతుంది. చెవుల డాక్టరు దగ్గరికి చిన్నది తీసుకెళుతుంది. మిషను పెడితే ఎంతో కొంత వినపడవచ్చునని అది అంటోంది. చూద్దాం. ఒకటో, మూడో యాంటెనాలు దించేస్తారు. రెండోది ఉంటుంది. రోజూ పొద్దున నేను విని, ఆయన ఏమన్నాడో నీకు రాసి పెడతాను. టమాటాలు కాస్తేనే కాశాయని రాస్తాను.

భారమన్నావు. చిన్నది ఆ ముక్క మీద టీ కప్పు పెట్టింది, గుండ్రంగా మరక పడింది. ఆ మాట ఇప్పుడు సరిగ్గా చదవడానికి రావడం లేదు.

నాలుగో రిలేకి మరిది ఒక చిన్న బల్బు తగిలించారు. టంకం నేనే వేశాను. నువ్వొచ్చాక ఆ బల్బు నీ గదిలోకి మారుతుంది. వంటింట్లో పెట్టించే మీట నేను నొక్కితే నీ ఎదురుగా వెలుగుతుంది. పిలిచాననుకో.

అప్పటిదాకా అది ఇక్కడే గోడ మీద ఉంటుంది. ఈ ఉత్తరం అందిన మర్నాడు పొద్దున, వస్తానంటే, మామూలు వేళకి నాలుగు నొక్కు. దాని చప్పుడు నేను ఇంతవరకూ వినలేదు. ఎదురుగా కూర్చుని ఉంటాను.

అక్క